సొంతానికి ఒక రోజు

వడ్రంగి మేస్త్రి కొట్లో చిత్రిక చప్పుడు మొదలైతే వీధికి తెల్లారినట్టు, ఆగితే పొద్దుగూకినట్టు లెక్క. ఆయన నిద్రలో కూడా చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తాడనీ, అందుకే ఆయన కప్పుకునే దుప్పటి ఒకవైపు అద్దంలా నున్నబడిపోయిందనీ బావమరిది కనబడ్డవాళ్ళందరికీ చెప్పి తిరుగుతాడు. బావమరిది మాటల్లో సగం తీసెయ్యాలి. మిగిలిన సగం నిజమే. అలాంటి మనిషి చేతిలో ఆ ఉదయం చిత్రిక చెక్క మధ్యలో ఆగిపోయింది. చుట్టలు చుట్టుకుంటూ లేచిన పొట్టు తెగకుండా దాని నోట్లోంచి అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

ఫోన్లో అవతల ఉన్నది లెక్కలాయన. మేస్త్రిలాంటి చేతిపనివాళ్ళకి పన్ను కాగితాలు నింపిపెట్టే మనిషి. పెళ్ళి కబురైనా చావు కబురైనా ఒకే గొంతుతో చెప్తాడు. పన్నుల ఆఫీసు నుంచి ఒకావిడ ఎల్లుండి పొద్దున ఏటి ఒడ్డు ఇల్లు చూడ్డానికి వస్తోందనీ, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కడ ఉండాలనీ చెప్పాడు.

ఏటి ఒడ్డు ఇల్లు మేస్త్రిదే. ఎండలు ముదిరే రోజుల్లో ఊళ్ళోవాళ్ళు వారానికింత అని అద్దెకు తీసుకుని, ఏట్లో ఈతలు కొట్టి, వసారాలో పడక కుర్చీలేసుకుని, టీ కప్పులు పగలగొట్టి వెళ్ళిపోతారు. పోయినేడు ఇంటి కప్పు మొత్తం మార్చాడు మేస్త్రి. ఆ ఖర్చంతా అద్దె రాబడిలోంచి కొట్టేసి పన్ను తక్కువ కట్టాడు. ఇప్పుడు ఆఫీసువాళ్ళకి వచ్చిన అనుమానం ఒక్కటే. అది నిజంగా అద్దెకిచ్చే ఇల్లా, లేకపోతే వీళ్ళు సరదాగా గడపడానికి కట్టుకున్న ఇల్లా? సొంతానికి వాడుకున్న రోజులు మరీ ఎక్కువని తేలితే కప్పు ఖర్చు ఒప్పుకోరు. ఎగ్గొట్టిన పన్ను, దానిమీద జరిమానా రెండూ కట్టాలి.

అంత డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలని అడిగాడు మేస్త్రి.

“ఇల్లుందిగా” అన్నాడు లెక్కలాయన.

నవ్వులాటకే అన్నాడేమో. ఆ గొంతులో నవ్వులాట పోల్చుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. మేస్త్రి ఫోను పెట్టేసి, వేలాడుతున్న పొట్టుని గోటితో తెంపాడు. తెంపి, ఎక్కడ పారెయ్యాలో తెలియనట్టు చాలాసేపు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

కొట్టు వెనకే కాపురం. రెండు గదులు. రంపం పొట్టు ఎగిరొచ్చి మంచంమీదా, మంచినీళ్ళలోనూ, జుట్టులోనూ పడుతూ ఉంటుంది. మేస్త్రి భార్య టీ గ్లాసుమీద మూత పెట్టే తెస్తుంది, మూత తీసీ తీయగానే తాగెయ్యాలంటుంది. ఆ రోజు ఆయన మూత తీసి మర్చిపోయాడు. విషయం చెప్పాక ఆవిడ గ్లాసులోకి చూసి, పొట్టుని వేలితో తీసేసి, “చూసుకోనివ్వండి. అక్కడ మనం దాచిందేముంది?” అంది.

దాచింది ఉంది. మేస్త్రి పక్కగదిలోకి చూపించాడు. అక్కడ దాచినది గురక పెడుతోంది.

బావమరిది పోయిన వానాకాలం పెళ్ళాంతో పోట్లాడి, సంచీ భుజాన వేసుకుని అక్కగారింటికొచ్చి, తాళాలు పుచ్చుకుని ఏటి ఒడ్డు ఇంట్లో వారంపాటు పడుకున్నాడు. ఆ గురకకి ఏట్లో చేపలు పిల్లాపాపల్తో అవతలి ఒడ్డుకి మకాం మార్చాయని పడవాయన ఇప్పటికీ అంటాడు. పెళ్ళాం వచ్చి బతిమాలుతుందని చూశాడు. ఆవిడ పుట్టింటికి పోయి హాయిగా కూర్చుంది. చివరికి తనే వెళ్ళి బతిమాలుకున్నాడు, ఇప్పటికీ సగం నిద్రలు మాత్రం అక్కగారింట్లోనే. ఆ వారానికి అద్దె పైసా ఇవ్వలేదు. పెళ్ళాం సోదరుడు ఊరికే ఉంటే మనం ఉన్నట్టే లెక్క అని లెక్కలాయన అప్పుడే చెప్పి ఉన్నాడు. మేస్త్రి ఆ వారాన్ని కాగితంలో చూపించనే లేదు.

తను ఉన్న రోజుల సంగతి వేరు. వాటికి మేస్త్రి దగ్గర గట్టి జవాబే ఉంది. ఇల్లు కొన్న కొత్తలోనే లెక్కలాయన విడమరిచి చెప్పాడు. ఇంటాయన వెళ్ళి పొద్దస్తమానం రిపేరు పని చేస్తే ఆ రోజు సొంత వాడకం కిందికి రాదు, పనిరోజే అవుతుంది. కాళ్ళు చాపుకు కూర్చుంటే మాత్రం వస్తుంది. మేస్త్రి ఆ మాట విన్న రోజు మొదలు ఆ ఇంట్లో కాళ్ళు చాపలేదు. భార్యని చాపనివ్వలేదు. వసారాలో కుర్చీ వేసుకోబోతే, “అవతల పడవాయన చూస్తున్నాడు, లే” అనేవాడు. ఏట్లోకి దిగే చెక్కమెట్లమీద ఆవిడ ఒకసారి చెప్పులు విడిచి కూర్చోబోయింది. సుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నీళ్ళల్లో కాళ్ళు పెట్టిందంటే సరదాకి వచ్చినట్టే అన్నాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుని లోపలికెళ్ళి కిటికీలు తుడిచింది. అలా ఎన్నేళ్ళుగానో తుడుస్తూనే ఉంది. ఆ కిటికీ అద్దాలు ఎంత శుభ్రంగా ఉంటాయంటే, పిచ్చుకలు అద్దం లేదనుకుని తిన్నగా లోపలికొచ్చి టీ అడిగి పోతాయంటాడు బావమరిది.

మధ్యాహ్నం బావమరిదిని లేపి కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు మేస్త్రి. వానాకాలం వారం నువ్వు పడుకోవడానికి రాలేదు, నాకు సాయంగా గోడకి రంగు వెయ్యడానికి వచ్చావు, సరేనా అన్నాడు. సరే అన్నాడు బావమరిది. ఏ గోడకని అడిగితే, నిద్రకళ్ళతో చుట్టూ చూసి, వెనక గోడకి అన్నాడు.

“ఏం రంగు?”

“నాకు నీలం ఇష్టం బావా.”

“నీ ఇష్టం ఎవడడిగాడు? గోడకి ఏముందో చెప్పు.”

“వారం రోజులూ గోడవేపు తిరిగే పడుకున్నాను గానీ, కళ్ళు తెరిస్తే కదా” అన్నాడు బావమరిది.

తలుపు దగ్గర నిలబడి వింటున్న మేస్త్రి భార్య నవ్వు ఆపుకుంది. మేస్త్రికి నవ్వు రాలేదు. ఆయన చెయ్యి అలవాటుకొద్దీ సాండ్‌పేపరు అందుకుని, ఎదురుగా ఉన్న స్టూలు కాలు రుద్దుతూ పోయింది. పాఠం పూర్తయ్యేసరికి ఆ కాలు మిగతా మూడింటికన్నా సన్నబడింది.

మర్నాడు ముగ్గురూ బస్సెక్కారు. మేస్త్రి పనిముట్ల సంచీని ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు కుదిపినప్పుడల్లా అందులో ఉలీ సుత్తీ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. దారి పొడవునా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆఫీసావిడ ఇది అడిగితే ఇలా, అది అడిగితే అలా. పక్కన భార్య కిటికీలోంచి ఏరు కనిపించే మలుపు కోసం చూస్తూ కూర్చుంది. మలుపు వచ్చింది. నీళ్ళు తళుక్కుమని, పోయాయి. ఆవిడ తిరిగి ముందుకి చూసింది.

ఇల్లు బాగుంది. అంతకన్నా భయంకరమైన సంగతి మరొకటి లేదని మేస్త్రికి గడపలో అడుగుపెట్టగానే తట్టింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. కిటికీ రెక్కలు వేలితో తోస్తే కదిలాయి. గడియలు నూనె రాసినట్టు జారాయి. వంటగదిలో అలమర తలుపులు ఒకదాని పక్కన ఒకటి గీత గీసినట్టున్నాయి. కప్పుకి ఎక్కడా చెమ్మ లేదు. ఇన్నేళ్ళు వచ్చినప్పుడల్లా పొద్దంతా బాగుచేసి బాగుచేసి, బాగుచెయ్యడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.

మామూలుగా ఆయన ఒక పని మిగిల్చే వెళ్ళేవాడు. ఒక స్క్రూ సగం బిగించి వదిలెయ్యడమో, ఒక మెట్టుకి వార్నిషు వెయ్యకుండా ఉంచడమో. మళ్ళీ రావడానికి ఒక కారణం చేతిలో ఉండాలి కదా. పోయినసారి వెళ్ళేప్పుడు వాన పట్టుకోవడంతో కదల్లేక కూర్చుని, మిగిల్చిన పని కూడా పూర్తి చేసేశాడు. ఇప్పుడు గది గదీ తిరుగుతూ ఎక్కడైనా ఒక వదులు దొరుకుతుందేమోనని తలుపుల్ని ఊపాడు. బల్లల్ని కుదిపాడు. గోడకి చెవి ఆనించి చెదపురుగుల కోసం విన్నాడు. ఒక్క చెదపురుగైనా ఆయన మొహం చూసి జాలిపడి రాలేదు.

“రేపు ఆవిడొచ్చి, ఇక్కడ రిపేరుకేముంది అనడిగితే ఏం చెప్పను?” అన్నాడు భార్యతో.

అంతా అయిపోయిందని చెప్పమంది ఆవిడ, పక్క దుప్పట్లు దులుపుతూ.

అయిపోయిన పని ఎవడికి కనిపిస్తుంది? విరిగినది కనిపిస్తుంది, ఊడినది కనిపిస్తుంది. బాగున్నది బాగున్నట్టే ఉంటుంది, దాని వెనక ఎవరి నడుం వంగిందో దానికి తెలియదు. ఆ ఆలోచన ఆయన్ని సాయంత్రం దాకా తిప్పింది. చివరికి స్క్రూడ్రైవరు తీసుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

అలమర తలుపుకి ఉన్న రెండు బందుల్లో పైదాన్ని పట్టుకున్నాడు. ఆ స్క్రూలు తను బిగించినవే. మళ్ళీ ఊడతీయాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు కాబట్టి వాటి గాడిలోకి వార్నిషు దిగి గట్టిపడింది. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. మూడోసారి బొటనవేలికి గీసుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, ఇంకో చేత్తో తిప్పాడు. స్క్రూ చిన్నగా కీచుమంటూ కదిలింది. తన చేతులతో తను చేసిన పనిని పాడుచెయ్యడం ఇంత కష్టమని తెలియదు. నిలబెట్టేటప్పుడు చెయ్యి మనసుతో పోతుంది. ఊడదీసేటప్పుడు మనసుకి వెన్ను చూపించి పోవాలి.

తలుపు తోసుకుని భార్య వచ్చింది. ఒక పక్కకి వాలిన అలమర తలుపుని చూసింది, నోట్లో వేలున్న మొగుణ్ణి చూసింది.

“బాగున్నదాన్ని పాడుచేసి మళ్ళీ బాగుచేస్తారా?”

“రేపు ఆవిడొచ్చే టైముకి ఇది బిగిస్తూ ఉంటాను” అన్నాడు మేస్త్రి, వేలు తీసి. “చూసినవాళ్ళకి పని కనిపించాలి.”

ఆ అలమరలోనే మంచి కప్పులుంటాయి, అద్దెకొచ్చేవాళ్ళ కోసం. వీళ్ళు టీ తాగేది అంచులు ఊడిన పాత గ్లాసుల్లో. మంచి కప్పు వాడితే అదీ సొంత వాడకమే అవుతుందని మేస్త్రి తనకు తానే తీర్పు చెప్పుకుని ఎప్పుడో ఆ అలమరకి తాళం వేశాడు. ఇప్పుడు తలుపు వాలడంతో తాళం ఉన్నా లేనట్టే అయింది. ఆవిడ సందులోంచి కప్పుల్ని ఒకసారి చూసి, గుడ్డ అందుకుని, నేలమీద రాలిన వార్నిషు పెచ్చుల్ని తుడిచింది.

అధికారి పొద్దున్నే వచ్చింది. నడివయసు మనిషి. బురదదారిన నడిచొచ్చినట్టుంది, బూట్లు గుమ్మం బయటే విప్పి, మేజోళ్ళతోనే లోపలికొచ్చింది. వచ్చీ రాగానే తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మేస్త్రి తెల్లారగట్లే లేచి, పని వాసన రావడం కోసం, అవసరం లేని ఒక చెక్కని వసారాలో రంపంతో ముక్కలు ముక్కలుగా కోసి ఉంచాడు. ఆవిడకి పొట్టు పడదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇల్లంతా తిరిగింది. కప్పు చూసింది, మెట్లు చూసింది, గదుల్లో అద్దెవాళ్ళ కోసం పెట్టిన నిబంధనల అట్ట చదివింది. మేస్త్రి స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని ఆవిడ వెనకే నడిచాడు. ఆవిడ ఆగితే ఆగి, తుమ్మితే ఉలిక్కిపడి.

వంటగదిలో ఆవిడ అలమర దగ్గర ఆగింది. తెరవబోయింది. తలుపు మొత్తంగా ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. కింది బందు కూడా రాత్రంతా తలుపు బరువు మోసి జారిపోయినట్టుంది. ఆవిడ ఆ తలుపుని రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, మేస్త్రి వైపు చూసింది.

“అదేనండీ. రిపేరు” అన్నాడు మేస్త్రి.

తలుపుని అందుకుని గోడకి ఆనించాడు. ఆవిడ తుమ్మి, బల్ల దగ్గర కూర్చుని, కాగితాలు తీసింది. బావమరిది తన వంతు ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. చేతిలో ఒక కుంచె కూడా ఉంది. అన్నం గరిటెలా పట్టుకున్నాడు.

ఆవిడ మేస్త్రిని అడిగింది తక్కువే. ఏ ఏ నెలల్లో వస్తారు, వస్తే ఏం చేస్తారు. మేస్త్రి బస్సులో నేర్చుకున్న పాఠమంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆవిడ రాసుకుంది. తర్వాత, అద్దె ఇవ్వకుండా బంధువులు ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ మేస్త్రి భార్య వైపు తిరిగింది.

గుమ్మంలో బావమరిది కుంచె పైకెత్తాడు.

“మా తమ్ముడున్నాడమ్మా, వానాకాలంలో వారం రోజులు” అందావిడ. “పెళ్ళాంతో పోట్లాడొచ్చాడు. రంగు వేశాడని చెప్పమన్నారు గానీ, వాడు పడుకున్నాడంతే.”

బావమరిది కుంచె దించి వీపు వెనక దాచుకున్నాడు. మేస్త్రి బల్ల అంచుని పట్టుకున్నాడు. ఏటి ఒడ్డు ఇల్లు ఆ క్షణాన పునాదులతో సహా లేచి నీళ్ళమీద కొట్టుకుపోతున్నట్టే అనిపించింది ఆయనకి. అధికారి తల ఎత్తకుండా ఏదో రాసుకుని, మరి మీరమ్మా, అనడిగింది. మీరొచ్చినప్పుడు ఇక్కడ ఏం చేస్తారు?

“తుడుస్తాను.”

“పనయ్యాక?”

“పనవదమ్మా. ఈయనుండగా అవుతుందా?”

“తీరిగ్గా ఎప్పుడూ కూర్చోలేదా? ఏరు ఇంత దగ్గర్లో ఉంది.”

మేస్త్రి భార్య చేతిలోని గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. మడత విప్పి మళ్ళీ పెట్టింది.

“నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలని ఉంటుందమ్మా. చాలా ఏళ్ళనుంచీ ఉంది. కూర్చుంటే ఇల్లు పోతుందన్నారు.”

“ఎవరన్నారు?”

ఆవిడ మొగుడివైపు చూడలేదు. చూడకపోవడమే చూపించినట్టయింది. అధికారి కలం కిందపెట్టి మేస్త్రి వైపు తిరిగింది.

“చట్టమండీ” అన్నాడు మేస్త్రి.

“చట్టం ఆ మాట ఎప్పుడూ అనలేదు మేస్త్రి గారూ. మీరు పొద్దంతా పని చేస్తే అది పనిరోజే. అదే రోజు మీ ఇంటావిడ ఏటి ఒడ్డున కూర్చున్నా, పడుకున్నా, ఈత కొట్టినా మాకు పట్టదు. పని చెయ్యాల్సింది మీరు. ఆవిడ కాదు.”

వంటగదిలో కుళాయి బొట్టు బొట్టుగా పడుతోంది. అది కారుతోందని ఇన్నాళ్ళూ మేస్త్రి గమనించలేదు. నిన్న సాయంత్రమంతా వెతికిన రిపేరు అక్కడే, తన చెవి పక్కనే ఉంది. ఇప్పుడు వినబడుతున్నా ఆయన కదల్లేదు.

అధికారి మిగతాది చెప్పింది. ఏడాదికి రెండు వారాలదాకా పని లేకుండానే ఇంట్లో ఉండొచ్చు, అంతమాత్రాన ఇది అద్దె ఇల్లు కాకుండా పోదు. తమ్ముడుగారి వారాన్ని చూపించి ఉండాల్సింది. ఆ వారం వాటాకి వచ్చే చిన్న మొత్తం మాత్రం ఖర్చులోంచి తీసేస్తాం, కప్పు ఖర్చు జోలికి రాము. ఇంకోసారి దాచకండి. అంతే. మేస్త్రికి మాటలు ఒక్కొక్కటిగా వినబడుతున్నాయి. సంతోషించాల్సిన మాటలే. ఇల్లు పోలేదు. ఆయన ఆ ముక్క తనకు తను చెప్పుకున్నాడు. ఇల్లు పోలేదు. చెప్పుకుంటున్నా లోపల బిగుసుకున్నదేదో ఇంకా వదులవడం లేదు.

గుమ్మంలో బావమరిది లెక్క కడుతున్నాడు. “అంటే బావా, ఆ రెండు వారాల్లో నేనొక్కణ్ణే...” అని మొదలుపెట్టి, అక్క మొహం చూసి మానేశాడు.

వెళ్ళేముందు అధికారి గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, ఇవాళ పనిరోజేనా, అనడిగింది. అడగడంలో వెక్కిరింపు లేదు. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు ఉంది కాబట్టి నోరు దానంతటదే అవునంది. ఆవిడ తుమ్ముతూ బురదదారిన వెళ్ళిపోయింది.

మేస్త్రి వెనక్కి తిరిగేసరికి భార్య అధికారి తాగిన గ్లాసు కడుగుతోంది. కడిగింది. తుడిచింది. బోర్లించింది. పక్క దుప్పట్లు మడతపెట్టడానికి లోపలికెళ్ళింది. బస్సు మధ్యాహ్నం ఉంది. ఆవిడ ఎప్పుడూ ఇలాగే సర్దుతుంది. అయితే ఎప్పుడూ సర్దుతూ ఏదో ఒకటి అంటుంది. ఆ కిటికీకి తాళం వేశారా అనో, మీ సంచీలో నా దువ్వెన పెట్టారా అనో. ఇవాళ ఏమీ అనడం లేదు.

రెండు రోజులుగా మేస్త్రి పన్నుల ఆఫీసుకి భయపడ్డాడు. ఆ భయానికి ఒక రూపం ఉంది, కాగితం ఉంది, జరిమానా ఉంది. ఈ నిశ్శబ్దానికి ఏవీ లేవు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి భార్య చేతుల్ని చూశాడు. దుప్పటి మూలలు కలపడం, అరచేత్తో నిమరడం, మళ్ళీ మడవడం. ఆ చేతులు కోపంగా లేవు. విసురుగా ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. తిట్టినా బాగుండు. ఏదో ఒకటి గిరాటేసినా, దాన్ని అతికించిపెట్టి ఊరుకునేవాడు.

వసారాలోకి వచ్చి లెక్కలాయనకి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు. పొద్దంతా నేను పని చేస్తుంటే నా భార్య కూర్చున్నా ఫర్వాలేదని నువ్వెందుకు చెప్పలేదని నిలదీశాడు.

“చెప్పబోతుంటేనే కదా నువ్వు లేచి వెళ్ళిపోయావు” అన్నాడు లెక్కలాయన, అదే గొంతుతో. “పొయ్యిమీద జిగురు పెట్టొచ్చాను, మాడిపోతుందన్నావు. మిగతాది తర్వాత వింటానన్నావు. మళ్ళీ రాలేదు.”

మేస్త్రికి ఆ రోజు గుర్తొచ్చింది. జిగురు మాడలేదు. వేళకే వెళ్ళి దించాడు. దాంతో ఎవరి కుర్చీ అతికించాడో కూడా గుర్తొచ్చింది. ఆ కుర్చీ ఇంకా గట్టిగానే ఉండి ఉంటుంది, ఎవరో ఒకరు దానిమీద కూర్చునే ఉంటారు.

“ఇవాళ రాసుకో” అన్నాడు. “ఇవాళా, రేపూ. సొంతానికి.”

“ఎవరొచ్చారు మళ్ళీ? నీ బావమరిదేనా?”

“మేమే.”

అవతల కలం గీకిన చప్పుడు వినబడింది.

లోపలికెళ్ళి, రేపెళ్దామన్నాడు భార్యతో. ఆవిడ దుప్పటి మీదనుంచి చూపు ఎత్తకుండా, రేపు పనుందా, అనడిగింది. లేదన్నాడు. మరెందుకు అంది. మేస్త్రి జవాబు కోసం గదంతా చూశాడు. తలుపుని, కిటికీని, దూలాన్ని చూశాడు. ఒక్కటీ సాయానికి రాలేదు.

“కూర్చుందాం” అన్నాడు.

ఆవిడ చేతులు ఆగాయి. చాలాసేపు ఆయన్ని చూసింది. కొలత తప్పిన చెక్కని మేస్త్రి చూస్తాడే, ఎక్కడ తెగ్గొడితే పనికొస్తుందా అని, అలాగ.

“కుళాయి కారుతోంది” అంది చివరికి.

“విన్నాను.”

“కారనిస్తారా?”

“కారనీ.”

“అయితే ఆ సంచీ ఇటివ్వండి.”

ఇచ్చాడు. ఇవ్వడానికి కొంచెం ఆలస్యమైంది. సంచీ పట్టీ వేళ్ళకి అలవాటైపోయి ఉంది. ఆవిడ దాన్ని వంటగదిలోకి మోసుకెళ్ళి, తలుపులేని అలమరలోంచి మంచి కప్పుల్ని ఒక్కొక్కటే దించి బల్లమీద పెట్టి, ఖాళీ అయిన అరలో సంచీని నిలబెట్టింది. తలుపు బిగించి తాళం వేస్తానని మేస్త్రి అనబోయాడు. ఆవిడ ముందే, “ఊడింది ఊడినట్టే ఉండనివ్వండి” అంది. కప్పుల్లో టీ పోసింది. మూతలు పెట్టలేదు. ఇక్కడ పొట్టు ఎగరదు కదా.

బావమరిది తన సంచీ తను తగిలించుకున్నాడు. మేమున్నామని నువ్వెళ్ళక్కర్లేదంది అక్క. నా వాటా నేను ఎప్పుడో వాడేసుకున్నానక్కా, ఇంకా ఉంటే మళ్ళీ పన్ను పడుతుంది అని, కుంచె గడపమీద పెట్టి, బస్సు కోసం బయల్దేరాడు. దారి మలుపులో ఆగి వెనక్కి చూశాడు. ఆ చూసినదాన్ని ఊళ్ళో ఎంత పెంచి చెప్తాడో వాడికే ఎరుక.

మేస్త్రి భార్య చెక్కమెట్లమీద చెప్పులు విడిచింది. వాటిని పక్కపక్కన సర్దింది. పై మెట్టుమీద కూర్చుంది. లేచి కింది మెట్టుమీద కూర్చుంది. ఒక కాలు నీళ్ళల్లో పెట్టి, చల్లగా ఉన్నట్టుంది, తీసేసింది. మళ్ళీ రెండూ పెట్టింది. అవతలి ఒడ్డున పడవాయన తల ఎత్తి చూశాడు. మేస్త్రికి లే అన్న మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి, పాంటు మడిచి, కప్పులో టీ తొణక్కుండా చూసుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

నీళ్ళు మెట్టుకి తగిలి వెనక్కి పోతున్నాయి. ఆవిడ కాలి వేళ్ళు నీళ్ళ కింద విచ్చుకుని, ముడుచుకుని, విచ్చుకున్నాయి. మేస్త్రి టీ అయిపోయింది. కప్పు పక్కన పెట్టి, చెయ్యి మెట్టుమీద ఆనించాడు. అరచేతి కింద గరుగ్గా తగిలింది. మేకు తల ఒకటి చెక్కలోంచి కొంచెం పైకి లేచి ఉంది. ఒక్క దెబ్బ చాలు. ఆయన బొటనవేలితో నొక్కి చూశాడు. దిగలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు.

“చెయ్యి తియ్యండి” అంది భార్య, ఏటివైపు నుంచి మొహం తిప్పకుండా.

మేస్త్రి చెయ్యి తీశాడు. తీసిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాసేపు గాల్లో ఉంచి, ఒళ్ళో పెట్టుకున్నాడు.